నలభై సెకన్ల మన ఊరు

టీవీలో వచ్చింది పట్టుకుని, కంప్యూటర్లో కోసి దాచుకోవాలంటే ఏం కొనాలి? గోవాడ నుంచి చూస్తే...

గోవాడ పేరు టీవీలో వినబడాలంటే చెరకు బకాయిల గొడవైనా ఉండాలి, తుపానైనా రావాలి. చోడవరం సహకార చక్కెర కర్మాగారం ఈ ఊళ్లోనే ఉంది కాబట్టి క్రషింగ్ మొదలైన రోజో, రైతులు గేటు ముందు బైఠాయించిన రోజో జిల్లా వార్తల్లో ఓ నలభై సెకన్లపాటు ఊరు కనబడుతుంది. కింద స్క్రోలింగులో పేరు ఇంకోసారి పరిగెడుతుంది. ఎవరి బాబాయో మైకు ముందు మాట్లాడతాడు, ఎవరి ట్రాక్టరో వెనకాల నిలబడి ఉంటుంది. "మనూరు టీవీలో వస్తోంది, పెట్టండి" అన్న కేక వీధి చివరికి చేరేలోపు యాంకరు వేరే జిల్లాకి వెళ్లిపోతుంది.

అప్పుడు అందరూ చేసే పని ఒకటే. మళ్లీ వార్త వచ్చేదాకా కూర్చుని, సెల్‌ఫోన్‌తో టీవీ తెరను వీడియో తీస్తారు. అందులో తెర మీద నల్లటి అలలు పాకుతుంటాయి, పక్కింటి కుక్క అరుస్తుంటుంది, ఫ్యాను చప్పుడు వినబడుతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి మరో రెండు పొరలు నలిగి, మనిషి మొహం గుర్తుపట్టడానికే ఉండదు. "యూట్యూబులో దొరుకుతుంది కదా" అంటారు కొందరు. రాజధాని వార్త దొరుకుతుంది. జిల్లా బులెటిన్ పూర్తిగా దొరుకుతుందన్న నమ్మకం లేదు. లోకల్ కేబుల్ ఛానెల్లో వచ్చిన గుడి ఉత్సవం, స్కూల్ వార్షికోత్సవం అసలే దొరకవు. అవి వచ్చిన రోజున పట్టుకున్నవాడికే మిగులుతాయి.

పట్టుకోవడం సులువే, రికార్డింగు పెట్టె కొంటే సరిపోతుందనుకుని చాలామంది బజారుకి వెళతారు. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న పెట్టె గురించి కాదు. మీ ఇంటికి టీవీ బొమ్మ ఏ దారిన వస్తోంది? దాన్నిబట్టే మిగతాదంతా ఉంటుంది.

డబ్బా రాకముందు, వచ్చాక

1987 జనవరి నుంచి 1988 జులై వరకు ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వచ్చినన్నాళ్లూ వీసీఆర్ ఉన్న ఇల్లు ఊళ్లో గొప్ప ఇల్లే. ఖాళీ క్యాసెట్ పెట్టి రికార్డు బటన్ నొక్కితే 180 నిమిషాలు పట్టేది. ఆ తర్వాత పెళ్లి వీడియోల కాలం వచ్చింది. అనకాపల్లి, చోడవరం లాంటి ఊళ్లలో స్టూడియోల వాళ్లు రెండు డెక్కులూ ఒక మిక్సరూ పెట్టుకుని, పెళ్లికూతురు మొహం పువ్వులోంచి విచ్చుకుంటున్నట్టు చూపించేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక అదే పని ఎడిటింగ్ కార్డుల మీదకి మారింది. పినాకిల్, కానోపస్ అన్న పేర్లు ఆ తరం స్టూడియోవాళ్లకి ఇంటిపేర్లలాంటివి. ఇళ్లలో వాడుకునేవాళ్లు కంప్యూటర్లో టీవీ ట్యూనర్ కార్డు బిగించుకునేవారు. కేబుల్ వైరు నేరుగా దాని వెనక గుచ్చితే ఛానెళ్లన్నీ మానిటర్ మీదే వచ్చేవి, నచ్చింది రికార్డు చేసుకునేవాళ్లు.

ఆ కార్డులు ఇప్పటికీ పాత సామాన్ల దుకాణాల్లో కనిపిస్తాయి. కొనకండి. కేబుల్ టీవీ చట్టానికి 2011లో చేసిన సవరణతో దేశమంతా విడతలవారీగా డిజిటల్‌కి మారింది. రెండో విడతలో విశాఖపట్నం, హైదరాబాదులకు 2013 మార్చి 31 గడువు పెట్టారు. పల్లెలున్న నాలుగో విడత గడువును పొడిగించి 2017 మార్చి 31 చేశారు. ఆనాటి నుంచి వైరులో వచ్చేది సెట్‌టాప్ బాక్స్ అనే డబ్బా లేకుండా తెరుచుకోని సిగ్నల్. పాత కార్డుకి వైరు గుచ్చితే చీమలు తప్ప ఏమీ కనబడవు.

కాబట్టి ఈ రోజున గోవాడ ఇంట్లో దారులు మూడు. మేడ మీద ఉచిత డిష్షు, కేబుల్ లేదా డీటీహెచ్ వాళ్ల డబ్బా, అటక మీద పాత క్యాసెట్లు. మూడింటికీ సామాను వేరు.

ఆగ్నేయం చూసే గిన్నె

ఈ మూడింటిలో శుభ్రమైనది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెలసరి చందా లేదు. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం పైనున్న జీశాట్-15 నుంచి వస్తుంది కనుక మన ప్రాంతంలో డిష్షు ఆగ్నేయం వైపు, బాగా పైకి చూస్తూ ఉంటుంది. ఇందులో ఎంపెగ్-2 పద్ధతిలో వచ్చే ఛానెళ్లకు తాళం లేదు. ఈ ఒక్క ముక్క చాలు, రికార్డు చేసుకునేవాడికి పండగే.

కంప్యూటరుకు తగిలించే డీవీబీ-ఎస్2 ట్యూనర్ ఒకటి కొని డిష్షు వైరు దానికి గుచ్చితే, ఉపగ్రహం పంపిన అంకెలు పంపినట్టే హార్డ్ డిస్కులోకి దిగుతాయి. మధ్యలో బొమ్మగా మారి మళ్లీ అంకెలుగా మారడం అనేదే లేదు. అందుకని నాణ్యత పోవడం కూడా లేదు. ఉపగ్రహంలోని ఒకే ట్రాన్స్‌పాండర్ మీద వచ్చే ఛానెళ్లను ఒకే ట్యూనర్‌తో ఒకేసారి పట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఫలానా టైముకి మొదలై ఫలానా టైముకి ఆగమని చెప్పి పొలానికి పోవచ్చు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున వచ్చే మామూలు ఛానెల్ గంటకు దాదాపు 1.8 జీబీ తింటుంది. ఒక టెరాబైట్ డిస్కులో 500 గంటలకు పైగా పడుతుంది.

లోపమూ ఉంది. అందులో దూరదర్శన్ సప్తగిరి దొరుకుతుంది గానీ మీ ఊరి వార్త వేసే ప్రైవేటు ఛానెల్ దొరుకుతుందని లేదు. కొనేముందు ఛానెళ్ల జాబితా చూసుకోవాలి. ఇంకొకటి, డిష్షుకి వచ్చే కేయూ బ్యాండ్ సిగ్నల్‌ని పెద్ద వాన మింగేస్తుంది. అంటే మనల్ని టీవీలో ఎక్కువగా చూపించే రోజునే మన డిష్షు గుడ్డిదవుతుంది.

2014 అక్టోబరు 12 ఆదివారం, హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. దేశమంతా మన జిల్లాను టీవీల్లో చూసింది. మనం చూళ్లేదు. స్తంభాలు పడిపోయి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆనాటి ప్రసారాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న బంధువుల దగ్గరే ఉండాలి. పెద్ద వార్త వచ్చే రోజుకి రికార్డింగు వ్యవస్థ ఒక్కచోటే పెట్టుకుంటే చాలదు. దూరాన చదువుకుంటున్న కొడుకో కూతురో ఉంటే, వాళ్ల గదిలో ఇంకొకటి ఉండటం తెలివైన పని.

డబ్బా ఇంట్లో ఉంటే

చాలా ఇళ్లలో ఉన్నది కేబుల్ వాళ్ల డబ్బాయో, డీటీహెచ్ డబ్బాయో. చిక్కంతా ఇక్కడే.

డబ్బాకి యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, పెన్‌డ్రైవ్ పెడితే రికార్డవుతుంది కూడా. సంతోషించి దాన్ని కంప్యూటరుకి పెడితే ఏ ప్లేయరూ తెరవదు. ఆ ఫైలుకి ఆ డబ్బా తాళమే వేసి ఉంటుంది, ఆ డబ్బాలోనే ఆడుతుంది. డబ్బా మారిస్తే అంతే సంగతులు. స్మార్ట్ టీవీల్లో ఉండే రికార్డింగూ చాలావరకు ఇదే తంతు. చూసి చెరిపేయడానికి బాగుంటుంది, ఎడిటింగుకి పనికిరాదు.

సరే, హెచ్‌డీఎంఐ వైరు ఉందిగా, దానికి క్యాప్చర్ పరికరం పెడదాం అనుకుంటారు. వెయ్యి రూపాయల లోపు దొరికే బొటనవేలంత పుల్ల నుంచి వేలల్లో ధర పలికే పెట్టెల దాకా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే తెర నల్లగా ఉంటుంది. పరికరం పాడైందని దుకాణం వాడితో తగువు పెట్టుకుంటారు. పాపం దాని తప్పు కాదు. డబ్బా తన హెచ్‌డీఎంఐ మీద హెచ్‌డీసీపీ అనే కాపలా పెడుతుంది. ఎదుటిది టీవీ అయితేనే బొమ్మ ఇస్తుంది, రికార్డరైతే ఇవ్వదు. ఈ కాపలాను తప్పించే చిట్కాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. కాపీరైట్ చట్టంలో 2012లో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. నలభై సెకన్ల కోసం ఆ జోలికి ఎందుకు?

మరి దారి? డబ్బా వెనక్కి వెళ్లి చూడండి. దుమ్ము పట్టిన మూడు రంగుల రంధ్రాలో, ఒకటే చిన్న ఏవీ పిన్నో కనబడుతుంది. పసుపు బొమ్మకి, ఎరుపు తెలుపు శబ్దానికి. ఎవరూ పట్టించుకోని ఆ పిన్నే పల్లెల్లో ఇప్పటికీ పనికొచ్చే మార్గం. దాని బొమ్మ 720×576 చుక్కలకు మించదు, హెచ్‌డీ కాదు. మంచి ఏవీ క్యాప్చర్ పరికరం దీనికి తగిలిస్తే స్థానిక ఛానెల్, జిల్లా వార్తలు చక్కగా వస్తాయి. అవి మొదటినుంచీ హెచ్‌డీలో లేకపోతే మనం పోగొట్టుకునేదీ పెద్దగా లేదు. కొత్త డబ్బా తీసుకునేటప్పుడు ఏవీ పిన్ను ఉన్నదే ఇమ్మని అడగండి. కేబుల్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇంకో సంగతి, దుకాణంలో ఎవరూ చెప్పనిది. డబ్బా ఏ ఛానెల్ మీద ఉంటే అదే రికార్డవుతుంది. ఏడున్నరకి వార్తలు పట్టాలని మీరు అన్నీ సర్దిపెట్టి బయటికి వెళితే, అత్తయ్యగారు సీరియల్‌కి మార్చారో, మీ హార్డ్ డిస్కులో కోడలి కన్నీళ్లు మాత్రమే ఉంటాయి. క్రమం తప్పకుండా రికార్డు చేసేవాళ్లు రెండో డబ్బా తీసుకోవడం ఇంట్లో శాంతికి కూడా మంచిది.

స్క్రోలింగులో వత్తులు కనబడుతున్నాయా?

క్యాప్చర్ పరికరాల పెట్టెల మీద రాసే అంకెల్ని నమ్మవద్దు. "4కే" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది లోపలికి తీసుకోగలిగేది, కంప్యూటరుకు ఇచ్చేది వేరు. లెక్క చూడండి. 1920×1080 బొమ్మను కుదించకుండా సెకనుకు 25 చొప్పున పంపాలంటే సుమారు 830 మెగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2 వైరు గరిష్ఠ సామర్థ్యమే 480. కనుక చవక పుల్ల ప్రతి బొమ్మనూ ముందే నలిపి పంపుతుంది. యూఎస్‌బీ 3 ఉన్నదైతే ఆ ఇరుకు లేదు. అయితే ఏవీ పిన్ను బొమ్మ చిన్నది, సెకనుకు సుమారు 166 మెగాబిట్లే. దానికి యూఎస్‌బీ 2 చాలు. అవసరం లేని యూఎస్‌బీ 3కి డబ్బు పోయక్కర్లేదు.

తెలుగువాళ్లకి అన్నిటికన్నా మంచి పరీక్ష ఒకటుంది. వార్తల ఛానెల్ ఒక నిమిషం రికార్డు చేసి, స్క్రోలింగు దగ్గర ఆపి చూడండి. ఇంగ్లీషు అక్షరాలు ఎంత నలిగినా చదవొచ్చు. మన లిపికి కింద వత్తులు, పైన గుడులు. నాణ్యత పోతే మొదట పోయేవి అవే. "క్రషింగ్"లో క్రావడి కనబడకపోతే, "బకాయిల"లో గుడి కరిగిపోతే, ఆ పరికరమో దాని సెట్టింగో పనికిరాదు. దుకాణంలోనే ఈ పరీక్ష చేయించమని నా సలహా.

ఆపిన బొమ్మలో అక్షరాల అంచులు దువ్వెన పళ్లలా విడిపోయి కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. మన పాత ప్రసార పద్ధతి పాల్. అందులో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో బొమ్మనూ రెండు సగాలుగా, బేసి గీతలు ఒకసారి సరి గీతలు ఒకసారి పంపుతారు. కదిలే వస్తువు రెండు సగాల మధ్య కాస్త జరిగిపోతుంది, అదే ఆ పళ్లు. రికార్డు చేసేటప్పుడు దాన్ని సరిచేసే బటన్ ఉన్నా నొక్కవద్దు. ఉన్నది ఉన్నట్టు దాచి, ఎడిటింగు అయ్యాక చివరి కాపీకి మాత్రమే డీఇంటర్‌లేస్ చేసుకోవాలి. ఒకసారి చెరిపిన సగం గీతలు మళ్లీ రావు. మొహాలు లావుగానో సన్నగానో సాగితే అదీ పరికరం తప్పు కాదు. 4:3, 16:9 సెట్టింగు డబ్బాలో ఒకటీ కంప్యూటర్లో ఒకటీ ఉండి ఉంటుంది.

ఏ రూపంలో రికార్డు చేయాలన్న దానికి సమాధానం మీ ఓపికా, మీ డిస్కూ. ఏవీ పిన్ను బొమ్మను అసలు కుదించకుండా దాచితే గంటకు దాదాపు 75 జీబీ, అది పిచ్చి. నష్టం లేకుండా కుదించే హఫ్‌వైయూవీ లాంటివి అందులో సుమారు సగం తీసుకుంటాయి. పెళ్లి స్టూడియోల వాళ్లకి అలవాటైన డీవీ రూపం గంటకు 13 జీబీ, ఎడిటింగుకి హాయి, పాత కంప్యూటరు కూడా మోస్తుంది. వార్తల ముక్కలకి హెచ్.264 లో ఉదారంగా బిట్‌రేట్ ఇచ్చి రికార్డు చేసుకున్నా చాలు. పిసినారితనం బిట్‌రేట్ దగ్గర కాకుండా, ఎన్ని గంటలు దాచాలన్న దగ్గర చూపాలి.

కరెంటు

గోవాడలో ఈ అధ్యాయం లేకుండా ఏ సలహా అయినా అసంపూర్ణం. రికార్డింగు మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? ఎంపీ4 ఫైలైతే మామూలుగా మొత్తం పోతుంది. ఆ ఫైలు సూచిక చివర్లో రాసుకుంటుంది, చివరికి చేరకముందే ఆగితే గంటన్నర రికార్డింగు ఉన్నా ఏ ప్లేయరూ తెరవదు. అదే టీఎస్ గానీ ఎంకేవీ గానీ అయితే కరెంటు పోయిన క్షణం దాకా పడిందంతా ఉంటుంది. ఓబీఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఈ సెట్టింగు మార్చడానికి అర నిమిషం పట్టదు. నన్నడిగితే కొత్త పెట్టె కొనడం కన్నా ముందు చేయవలసిన పని ఇదే.

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, సరే. డబ్బాకి ఉండదు. ల్యాప్‌టాప్ ధీమాగా నల్ల తెరను రికార్డు చేస్తూ పోతుంది. ఇన్వర్టరు మీద డబ్బా ప్లగ్గు కూడా ఉండాలి. కరెంటు వచ్చాక కొన్ని డబ్బాలు వాటంతట అవి వెలగవు, ఎర్ర దీపంతో నిద్రపోతూ ఉంటాయి. మీ డబ్బా సంగతేమిటో ఒకసారి ప్లగ్గు పీకి చూసుకోండి. పెన్‌డ్రైవ్ మీద రికార్డు చేసేవాళ్లకి ఇంకో చిన్న మాట. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటదు, అక్కడికి రాగానే కొన్ని పరికరాలు ఆగిపోతాయి, కొన్ని ముక్కలు చేస్తాయి.

కోసేటప్పుడు

మూడు గంటల రికార్డింగులో మనకి కావలసింది నలభై సెకన్లు. దానికి పెద్ద ఎడిటింగు సాఫ్ట్‌వేర్ తెరిచి, మొత్తాన్ని మళ్లీ కుదించి బయటికి తీయడం అనవసరపు శ్రమ, పైగా నాణ్యత కొంత పోతుంది. లాస్‌లెస్‌కట్, అవిడెమక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఫైలును విప్పకుండానే కావలసిన ముక్కను తుంచి ఇస్తాయి. కాకపోతే అవి కీఫ్రేముల దగ్గరే, అంటే పూర్తి బొమ్మగా దాచిన ఫ్రేముల దగ్గరే కోస్తాయి. ఎంపెగ్-2 ప్రసారాల్లో కీఫ్రేము సుమారు అర సెకనుకి ఒకటి, హెచ్.264లో ఇంకా దూరం. అటూఇటూ ఒక సెకను ఎక్కువ ఉంచుకుని కోయాలి. పేర్లు వేసి, పాట పెట్టి అందంగా చేయాలంటే అప్పుడు ఆ ముక్కనే పెద్ద సాఫ్ట్‌వేర్లోకి తీసుకెళ్లండి.

అమెరికాలో ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ 1979 నుంచి 2012 డిసెంబరులో చనిపోయేదాకా టీవీ వార్తల్ని రాత్రింబవళ్లు క్యాసెట్లలో రికార్డు చేసింది. దాదాపు 70,000 క్యాసెట్లు. ఏదీ కోయలేదు, ఏది ముఖ్యమో తానే తేల్చలేదు. చివరికి అవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. ఆవిడ అంత పట్టుదల మనకి అక్కర్లేదు గానీ, కోసిన ముక్కతోపాటు దాని ముందూ వెనకా ఉన్న పూర్తి బులెటిన్ ఒకటైనా దాచడం మంచిది. ఇరవై ఏళ్ల తర్వాత పిల్లలు ఆసక్తిగా చూసేది బాబాయి మాటలతోపాటు ఆ రోజు బంగారం ధర, ఆ చీరల దుకాణం ప్రకటన కూడా.

దాచుకోవడం నేరమా అని అడిగేవాళ్లకి కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ జవాబు చెబుతుంది. సొంత వాడకానికో, నిజాయితీగా బోధనకో పరిశోధనకో చేసుకున్న రికార్డింగు ప్రసార సంస్థ హక్కుకు భంగం కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1984లో బీటామ్యాక్స్ కేసులో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి ఇంచుమించు ఇదే తేల్చింది. తర్వాత చూసుకుందామని ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని. యూట్యూబ్‌లో మీ పేరుతో ఎక్కిస్తే మాత్రం కథ వేరు. ప్రసార సంస్థ హక్కు మన చట్టంలో 25 ఏళ్లు ఉంటుంది.

అటక మీద ఉన్నవి

ఇక మూడో దారి. అందరూ చివరికి నెట్టేది, నిజానికి మొదట చేయవలసిందీ ఇదే. దూరదర్శన్ నుంచి పట్టిన పాత కార్యక్రమాలు, ఈటీవీ 1995లో వచ్చాక రికార్డు చేసిన పాటల పోటీలు, లోకల్ కేబుల్లో వేసిన జాతర, పెళ్లి క్యాసెట్లు. మన కోస్తా తేమకి ఆ టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్‌ని డెక్కులో పెడితే హెడ్డుతోపాటు తర్వాత పెట్టే క్యాసెట్లూ పాడవుతాయి. ముందు విప్పి చూడాలి. చేతకాకపోతే తెలిసినవాళ్లకి ఇవ్వాలి.

ఇక్కడ క్యాప్చర్ పరికరం కన్నా డెక్కు ముఖ్యం. పాత టేపు నుంచి వచ్చే సిగ్నల్ వణుకుతూ ఉంటుంది. చవక పరికరం ఆ వణుకు తట్టుకోలేక మధ్యమధ్య బొమ్మల్ని వదిలేస్తుంది, పది నిమిషాలయ్యేసరికి పెదవులొకచోట మాటలొకచోట. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్. విడిగా కొనాలంటే ఖరీదు, దొరకడమూ కష్టం. పాత డీవీడీ రికార్డరు ఎక్కడైనా ఉంటే వీసీఆర్‌ని దాని లోపలికీ, దాని నుంచి క్యాప్చర్ పరికరానికీ కలపండి. చాలా మోడళ్లు ఆ వణుకును కొంతవరకు సరిచేసి పంపుతాయి. ఏవీ-ఇన్ ఉన్న పాత డీవీ హ్యాండీక్యామ్ కూడా కొంతవరకు ఆ పని చేసిపెడుతుంది, ఫైర్‌వైర్ రంధ్రం ఉన్న కంప్యూటరు దొరకాలి అంతే. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్లయితే అవి అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి కావచ్చు. మన పాల్ డెక్కులన్నీ వాటిని ఆడించవు.

వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ జపాన్‌కి చెందిన ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. విడిభాగాలు దొరకడం ఇక కష్టమే. చోడవరంలోనో అనకాపల్లిలోనో పాత స్టూడియో మూసేస్తున్నారని తెలిస్తే, వెంటనే వెళ్లి ఆడుతున్న డెక్కు ఒకటి తెచ్చుకోండి. ముందు విలువలేని క్యాసెట్‌తో పరీక్షించి, ఆ వారంలోనే పని మొదలుపెట్టండి. పెళ్లి క్యాసెట్ కన్నా ముందు టీవీ నుంచి పట్టినవి తీయండి. పెళ్లికి ఆల్బమైనా ఉంటుంది.